పిడికిలి అంటే సున్నా

ముందు నొప్పి గురించి అడగను.
పేరు అడుగుతాను.
రిజిస్టరులో రాసుకునే కాహ్వా కాదు.
మా బున్యోరోలో మనిషికి ఇంకో పేరుంటుంది,
ఎంపాకో అంటాం,
పిలవడానికి మాత్రమే పుట్టిన పేరు.
ఉన్నవి డజనులోపే, అందరం వాటినే పంచుకుంటాం.

"నీ ఎంపాకో ఏంటి?" అన్నాను గడపలోనే ఆగి.
గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు.
అక్క కీజా చెప్పబోతే చెయ్యెత్తి ఆపాను.
సరస్సు మీంచి గాలొచ్చి
తలుపు రేకును రెండుసార్లు కొట్టింది.
"అరాలి," అన్నాడు గోడతో,
ఎక్కడో అడుగున పడిపోయిన మాటను
చేత్తో దేవి తీసినట్టు.
"నేను అబ్వోలి."
అప్పుడు ఇటు తిరిగాడు.

మోకాలి కింద నల్లటి బుడిపెలు,
పగిలి, తడిగా.
వాసనకు కీజా సిగ్గుపడుతోంటే
నా ముక్కుకి ఇరవై రెండేళ్ల సర్వీసుందని చెప్పి
మెట్రోనిడజోల్ మాత్రలు చెంచా వెనకతో నూరి
పుండు మీద చల్లాను.

చెయ్యి చూపించమన్నాను.
పిడికిలి అంటే సున్నా, నొప్పి లేదని.
ఒక వేలంటే, ఉంది గానీ పర్లేదని.
ఐదూ విప్పితే ఇంక నా వల్ల కాదని.
ఐదూ విప్పాడు.
తర్వాత రెండో చెయ్యి కూడా.
"లెక్క ఐదుతో ఆగిపోతుంది, అరాలీ."
"మీ లెక్క," అన్నాడు.

నేను డాక్టర్ని కాను.
డాక్టరు ఎనభై కిలోమీటర్ల అవతల,
వాన పడితే ఇంకా దూరం.
రాసేదీ నేనే, కొలిచేదీ నేనే,
మినరల్ వాటర్ సీసాలో ఆకుపచ్చని మార్ఫిన్.
ఊళ్లో దీన్ని చివరి నీళ్లంటారు,
తాగినవాడు వారం దాటడని.
కీజా సీసా అందుకోలేదు.
కవలల తర్వాత పుట్టినది కీజా,
కీజా తర్వాత కాహ్వా,
మా దగ్గర పేరే వరస చెబుతుంది.
ఆ కవలలు ఎక్కడని అడగలేదు.
వస్తూ అరటితోటలో రెండు గుట్టలు చూశాను.

"చావుకి దీనితో పనిలేదు," అన్నాను,
"అది దానంతటదే వస్తుంది.
ఇది రేపు పొద్దున గంజి తాగడానికి."

ఇంట్లో గడియారం లేదు.
కోడి కూతకి ఐదు మిల్లీలీటర్లు.
బడిలో విరామం గంటకి ఐదు.
ఆయిల్ కంపెనీ లారీలు పోయేటప్పుడు ఐదు,
మేకలు దొడ్డికి చేరాక ఐదు.
రాత్రి రేడియోలో వార్తలయ్యాక పది,
మధ్యలో లేవక్కర్లేకుండా.
పేగులు మొరాయించకుండా
ఎండబెట్టిన బొప్పాయి గింజల పొడి.

"రోజూ వేసుకోవాల్సిన మాత్రలు?"
దూలం సందులోంచి డబ్బా తీసింది,
ఆగస్టులో ఆగిపోయిన డబ్బా.
క్లినిక్కి వెళ్లే బైకు కిరాయికి ఒక మేక ఉండేదట,
మేక అయిపోయింది.
నేను తిట్టలేదు.
తిట్టు మందైతే
ఈ దేశంలో ఒక్క రోగీ మిగిలేవాడు కాదు.
కొత్త డబ్బా ఇచ్చాను.

గురువారం మళ్లీ వెళ్లాను.
వాకిట్లో కూర్చుని వల బాగుచేస్తున్నాడు.
ఎదురింటి ముసలామె,
రెండేళ్లుగా ఈ ఇంటికి దూరంగా దారి తొక్కిన మనిషి,
కంచె అవతల నిలబడి
"ఎలా ఉన్నావు, అరాలీ?" అంది.
లోపలికి రాలేదు.
కంచె దాకానే.
ఎన్ని వేళ్లని కళ్లతో అడిగాను.
దారం వేళ్లకు చుట్టుకుని ఉంది,
ఇప్పుడు కుదరదన్నాడు.

మార్చిలో, వానలకు ముందు, పోయాడు.
నేను చేరేసరికి కుడిచెయ్యి మూసి ఉంది.
కొందరు అలాగే పోతారు,
దానికి అర్థమేం ఉండదు.
అయినా కార్డులో సున్నా వేశాను.
వేశాక చాలాసేపు పెన్నుకి మూత పెట్టలేకపోయాను.

మిగిలిన మందు కీజా కొలిచి ఇచ్చింది,
నలభై మిల్లీలీటర్లు.
సీసా ఉంచుకుంటానంది, కిరోసిన్‌కి.
"నీకు ఎన్ని, కీజా?" అని అడిగాను.
ఆమె రెండు చేతుల్లోనూ గంజి గిన్నె.
"ముందు ఇది తాగు, అబ్వోలీ," అంది.